తెప్పకి మేకు కొట్టరు, కడతారు: చిల్లు పెట్టకుండా కయాక్‌కి రాడ్ హోల్డర్లు

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మా బావది. "ఎన్నాళ్లయినా వాడుకో బామ్మర్దీ, గీతలు పడినా ఏమీ అనను. చిల్లు పెట్టావంటే మాత్రం మీ అక్కను చూడ్డానికి కూడా మా గడప తొక్కొద్దు" అన్నాడు. అప్పటికే నేను పక్కింటి వాళ్లని డ్రిల్లు మిషన్ అడిగి ఉన్నాను. తెడ్డు వేసేవాడికి రెండు చేతులూ తెడ్డుకే సరిపోతాయి. గాలం కర్రను, అదే రాడ్‌ను, కాళ్ల మధ్య ఇరికించుకుని పోతే, చేప తగిలినప్పుడు కర్రను పట్టుకోవాలో తెడ్డును పట్టుకోవాలో తేలక రెండూ నీళ్లపాలవుతాయి. కాబట్టి హోల్డరు కావాలి, చిల్లు మాత్రం పడకూడదు.

మొదటిసారి అతితెలివికి పోయాను. రెండు ముద్దలు కలిపి పిసికి పూసే ఎపాక్సీతో రెండు పైపు ముక్కల్ని కయాక్ పక్కన అంటించాను. ఇంటి దగ్గర రాయిలా బిగిసింది. మైపాడు వైపు బకింగ్‌హాం కాలవలో లైను (గాలం దారం) వెనక వదిలి తెడ్డు వేస్తుంటే ల్యూరు, అంటే కొసన కట్టిన ఉత్తుత్తి ఎర, ఎక్కడో మొద్దుకి పట్టుకుంది. టక్కుమని శబ్దం. పైపు, రాడ్, లైను చుట్టే రీలు, ముద్ద అన్నీ కలిసి నీళ్లలోకి పోయాయి. పీవీసీ నీటికన్నా బరువు, తేలదు. ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అంతా చూశాడు. "తెప్పకి ఎక్కడన్నా మేకు కొడతారా నాయనా? కడతారు గానీ" అన్నాడు. ఈ తీరంలో ఇప్పుడు ఫైబర్ పడవలే ఎక్కువ గానీ, పాత తెప్పలన్నీ దుంగల్ని తాళ్లతో కట్టినవే. ఇంగ్లీషువాడి క్యాటమరాన్ కూడా తమిళ కట్టుమరమే, అంటే కట్టిన మాను. అలలో దుంగలు కాస్త అటూ ఇటూ కదులుతాయి, కట్టు వాటితోపాటు సాగి మళ్లీ బిగుస్తుంది. మేకు అయితే కదిలి కదిలి చిల్లును పెద్దది చేసుకుని ఊడిపోతుంది. కింద చెప్పేదంతా ఆయన ఆ రోజు అన్న ఒక్క ముక్క నుంచి పుట్టిందే.

సొంత కయాక్ ఉన్నవాళ్లకి కూడా ఇదే మాట చెబుతాను. గట్టి ప్లాస్టిక్ కయాక్‌లలో ఎక్కువ భాగం పాలిథిలీన్‌తో పోసినవి, లోపల డొల్ల. చిల్లు పెట్టి స్క్రూ బిగిస్తే, రాడ్ లాగిన ప్రతిసారీ ఆ చిల్లు చుట్టూ పలచటి గోడ వంగుతుంది. కొన్నాళ్లకి అక్కడే పగులు మొదలవుతుంది, సీలెంటు వదులుతుంది. నీళ్లు లోపలికి చేరినా పైకి కనబడదు. పడవ మందకొడిగా నడుస్తోందని అనుమానం వచ్చేసరికి ఒడ్డు దూరంగా ఉంటుంది. ఇక పాలిథిలీన్‌కి జిగురు పెట్టడమంటే తామరాకు మీద నీటిబొట్టు నిలబెట్టడమే. మామూలు జిగురు ఏదీ దాన్ని అంటుకోదు, పైపైన గడ్డకట్టి కూర్చుంటుంది అంతే. గాలి పీల్చుకుని పట్టుకునే రబ్బరు కప్పులు కూడా గరుకు ప్లాస్టిక్ మీద నిలవవు.

ముందు నేలమీద కూర్చోండి

పైపు కొనకముందే చేయాల్సిన పని ఇది. కయాక్‌ను వసారాలోనో మేడమీదో నేలమీద పెట్టి, లైఫ్ జాకెట్ వేసుకుని సీట్లో కూర్చోండి. తెడ్డు తీసుకుని గాలిలోనే ఇరవైసార్లు వేయండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీండి. తెడ్డు రెక్క ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆ జాగా అంతా హోల్డర్లకి నిషిద్ధం, సుద్దముక్కతో గీసుకోండి. తర్వాత నడుము తిప్పి చెయ్యి వెనక్కి చాపండి. వేళ్లు కాదు, పిడికిలి అందేంత దూరమే మీ హద్దు. చేప తగిలిన రాడ్‌ను వేళ్ల చివర్లతో పీకలేం, ఒరిగి అందుకోబోతే పడవే తిరగబడుతుంది.

అలాగే కయాక్ మీద ఇప్పటికే ఏమేం ఉన్నాయో లెక్క రాసుకోండి. మోసే పిడులు, సీటు బెల్టు తగిలించే కొక్కేలు, వెనక సామాను పెట్టే పల్లం చుట్టూ ఉండే చిన్న కన్నాల బిళ్లలు. ఇవన్నీ కంపెనీవాళ్లు బలంగా బిగించి ఇచ్చినవి. మనం కట్టేది వీటికే.

పైపు, తాడు, రబ్బరు

నెల్లూరైనా ఒంగోలైనా పైపుల షాపులో పొలాలకి వాడే పీవీసీ పైపు దొరుకుతుంది. అవి 40, 50, 63 మిల్లీమీటర్లు అని బయటి వ్యాసంతో ఉంటాయి. మీ రాడ్ అడుగు పిడిని షాపుకి పట్టుకెళ్లి దూర్చి చూడటమే మంచి కొలత. సన్నపిడి రాడ్లకి 40 సరిపోతుంది, స్పాంజి పిడి ఉన్నవాటికి 50 కావాలి. చాలామందికి 50 కొనుక్కోమనే చెబుతాను. పైపు మందాన్ని షాపువాళ్లు నాలుగు కేజీలు, ఆరు కేజీలు, పది కేజీలు అని ప్రెషరు లెక్కన చెబుతారు. ఆరు కేజీలది తీసుకోండి. నాలుగుది నొక్కితే అణుగుతుంది, పదిది అనవసరపు బరువు, వేడినీళ్లకి త్వరగా మెత్తబడదు కూడా.

పూర్తి పొడవు కొనాల్సిన పనిలేదు, గొట్టాలకి కావాల్సింది మూడు నాలుగు అడుగులే. రొయ్యల గుంటలున్న ఊళ్లలో తెలిసినవాళ్లుంటే అడగండి, కోసి పారేసిన ముక్కలు గట్ల మీద బోలెడు పడి ఉంటాయి. నైలాన్ తాడు (పెన్సిలు మందంలో సగం చాలు), వల బెండ్లు కూడా ఆ ఊళ్ల షాపుల్లోనే దొరుకుతాయి. సైకిలు షాపులో ఒక పాత ట్యూబు, మంచం షాపులో మూడు నాలుగు మీటర్ల నైలాన్ నవారు, బండి వెనక సామాను కట్టే కొక్కేల రబ్బరు తాళ్లు నాలుగు, నల్లటి కేబుల్ టైలు ఒక ప్యాకెట్టు. టైలు తెల్లవి వద్దు, మన ఎండకి పెళుసెక్కి విరిగిపోతాయి. నల్లవి ఎక్కువ కాలం ఆగుతాయి.

గొట్టం చేయడం

ఒక్కో హోల్డరుకి 30 సెంటీమీటర్ల ముక్క కోయండి. ఆక్సా బ్లేడుతో కోసేటప్పుడు పైపు చుట్టూ ఒక కాగితం చుట్టి దాని అంచు వెంట గీత గీసుకుంటే కోత వంకరపోదు.

రీలు కూర్చోడానికి గాడి కావాలి. ఇది లేకుండా చాలామంది వదిలేస్తారు. గాడి లేకపోతే రాడ్ గొట్టంలో గుండ్రంగా తిరుగుతుంది, రీలు మెడ పైపు అంచు మీద కూర్చుని ఊగుతూ ఉంటుంది. రీలు మెడ మందం కొలిచి దానికి అర సెంటీమీటరు కలపండి, అది గాడి వెడల్పు. నాకు దాదాపు 2 సెంటీమీటర్లు వచ్చింది. లోతు 7 లేదా 8 సెంటీమీటర్లు. గాడి అడుగున ముందు డ్రిల్లుతో గుండ్రటి చిల్లు వేసి (పైపుకి చిల్లు పెడితే బావ ఏమీ అనడు), ఆ తర్వాత పై అంచు నుంచి రెండు గీతల వెంట కోసి దాన్ని కలపాలి. అడుగు గుండ్రంగా ఉంటే పగులు పాకదు. మూలలు చతురస్రంగా వదిలితే మొదటి గట్టి లాగుడుకే అక్కడ చీలుతుంది.

గాడి ఎటు తిరగాలన్నది రీలును బట్టి ఉంటుంది. స్పిన్నింగ్ రీలు రాడ్ కింద వేలాడుతుంది కాబట్టి, వెనక్కి వాలిన గొట్టంలో గాడి వెనక వైపు ఉండాలి. బెయిట్‌కాస్టర్ రాడ్ పైన కూర్చుంటుంది, దానికి ముందు వైపు.

పై అంచును గంటలా కాస్త విప్పితే రాడ్ పెట్టడం, తీయడం తేలిక. దీనికి మంట వద్దు. పీవీసీ మాడితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది, గొంతూ కళ్లూ మండుతాయి. ఆరుబయట పాత గిన్నెలో నీళ్లు మరగబెట్టి, పైపు అంచును ఐదు సెంటీమీటర్ల మేర రెండు మూడు నిమిషాలు ముంచండి. మెత్తబడగానే మందపాటి గుడ్డతో పట్టుకుని, భుజాలు నున్నగా ఉన్న గాజుసీసా మీదికి నొక్కి, అలాగే చన్నీళ్లు పోయండి. సరిగా రాకపోతే మళ్లీ ముంచొచ్చు. గాడి కోయకముందే ఈ పని చేయండి, కోశాక చేస్తే గాడి నోరు తెరుచుకుంటుంది. నేను ఒకటి అలా పాడుచేశాను.

అడుగున ఒక సన్నటి బోల్టును అడ్డంగా దూర్చి నట్టు బిగించండి. రాడ్ కిందికి జారిపోదు, నీళ్లు నిలవవు. మూత వేస్తే ఉప్పునీళ్లు, ఇసుక లోపలే ఉండి పిడిని తినేస్తాయి. చివరికి అంచులన్నీ ఎమరీ పేపరుతో రుద్ది నునుపు చేయండి.

తేలిక దారి: ట్రే

కయాక్ వెనక పల్లం ఉంటే ఒక ప్లాస్టిక్ ట్రే అందులో కూర్చుంటుంది. పాల ప్యాకెట్ల ట్రేలు డెయిరీ వాళ్లవి, తీసుకురావద్దు. టమాటాల ట్రే పాతది మార్కెట్లో కొంటే సరి. వెనక గోడకి బయటివైపు రెండు మూలల్లో గొట్టాలు నిలబెట్టి, పైన రెండు, కింద రెండు కేబుల్ టైలతో ట్రే జాలీలోంచి బిగించండి. గొట్టానికీ ట్రేకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెడితే టై బిగించినప్పుడు జారదు. పై టై దగ్గర, గొట్టానికీ ట్రే గోడకీ మధ్య, తెగిన హవాయి చెప్పు అట్టముక్క ఒకటి ఇరికిస్తే గొట్టం కాస్త వెనక్కి వాలుతుంది. రాడ్లు నిటారుగా నిలబడితే మీరు విసిరేటప్పుడు మీ రాడ్డే వాటికి తగులుతుంది.

ట్రే నాలుగు మూలల్ని నాలుగు రబ్బరు తాళ్లతో పల్లం చుట్టూ ఉన్న కన్నాల బిళ్లలకి తగిలించి, వాటిమీద ఒక నైలాన్ తాడు కూడా వేయండి. రబ్బరు ఒక్కటే అయితే ట్రే ఎగురుతుంది, తాడు ఒక్కటే అయితే వదులవుతుంది. ట్రేలో బరువులు అడుగునే పెట్టండి. ఎర డబ్బా, ఐసు పైకెక్కించి కూర్చుంటే పడవ వెనక్కి కుంగుతుంది.

రాడ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడానికి, కొర్రమీను కోసం కప్ప ల్యూరు విసురుకుంటూ రెండో రాడ్ పక్కన పెట్టుకోడానికి ఇది చాలు. లైను వెనక వదిలి లాగే ట్రోలింగ్‌కి మాత్రం నేను ట్రేను నమ్మను.

గట్టి దారి: అడ్డకర్ర

పండుగప్ప కోసం ట్రోలింగ్ చేయాలంటే ఇదే. సీటు వెనక, పల్లం మొదట్లో, పడవ రెండు అంచుల మీదా ఆనేలా అడ్డంగా ఒక కర్ర, దానికి చెరో పక్క ఒక గొట్టం. వినడానికి ఇంతే.

కర్రకి 40 మిల్లీమీటర్ల పైపు పడవ వెడల్పుకన్నా నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువగా కోయండి, మరీ బయటికి ఉంటే తెడ్డుకి తగులుతుంది. ఒట్టి పైపు మధ్యలో వంగుతుంది, కాబట్టి లోపల ఎండిన వెదురు కర్ర దూర్చండి. సరుగుడు మన దగ్గర ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది గానీ బరువు, వెదురే మేలు. రెండు చివర్లా ఎండ్ క్యాపులు సొల్యూషన్ పూసి బిగిస్తే లోపలికి నీళ్లు పోవు, మొత్తం సరంజామా నీళ్లలో పడ్డా తేలుతుంది. సొల్యూషన్ పూర్తిగా గట్టిపడేదాకా ఒక రోజు వదిలేయండి. అంచుల మీద ఆనే రెండుచోట్లా సైకిల్ ట్యూబును మూడు నాలుగు చుట్లు చుట్టండి. గీతలు పడవు, జారదు.

గొట్టం కర్రను దాటే చోట పై భాగం 20 సెంటీమీటర్లు, కింది భాగం 10 సెంటీమీటర్లు ఉండాలి. కింది భాగం పల్లంలోకి దిగుతుంది. పై కొన వెనక్కీ బయటికీ వాలాలి. నిలువుకి 30 నుంచి 45 డిగ్రీలు నాకు బాగా కుదిరింది. రెండు లైన్లు దూరదూరంగా ఉంటాయి, చిక్కుపడవు.

కట్టడం ఇలా. ముందు ట్యూబును వేలెడు వెడల్పు పట్టీగా కోసి, బాగా సాగదీస్తూ గొట్టాన్నీ కర్రనూ కలిపి ఇంటూ గుర్తులా ఆరేడుసార్లు చుట్టండి. ఇది పట్టు ఇస్తుంది. దానిమీద నైలాన్ తాడు. తాడును నీళ్లలో నానబెట్టి కట్టాలి, ఎందుకంటే తడిస్తే నైలాన్ సాగుతుంది. పొడిగా బిగించినది నీళ్లలోకి వెళ్లాక వదులవుతుంది. ఒక వైపు ఐదు చుట్లు, దాన్ని దాటుతూ రెండో వైపు ఐదు చుట్లు, ఆ తర్వాత గొట్టానికీ కర్రకీ మధ్య సందులోంచి, ముందు వేసిన చుట్లనే కలిపి బిగిస్తూ మూడు చుట్లు. అసలు బలం ఈ చివరి మూడింటిలోనే ఉంది. మైపాడు పెద్దాయన వీటిని వేసేటప్పుడు కాలు కర్రకి తన్నిపెట్టి లాగాడు.

ఇప్పుడు కర్రను పడవకి కట్టాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బలం ఎటు లాగుతుందో చూడండి. చేప వెనక నుంచి లాగుతుంది. రాడ్ కొన వెనక్కి పోతుంది, గొట్టం కింది కొన ముందుకి తన్నుకొస్తుంది, కర్ర మొత్తం వెనక్కి జరగాలని చూస్తుంది. కాబట్టి మూడు కట్లు. కర్ర చివర్ల నుంచి ముందుకి, సీటు కొక్కేలకి ఒక్కో తాడు. గొట్టాల కింది కొనల నుంచి వెనక్కి, పల్లం చివరి కన్నాల బిళ్లలకి ఒక్కో తాడు. కర్ర పైకి లేవకుండా కిందికి అదిమే నవారు. ఎంత గట్టిగా కట్టామన్నదానికన్నా ఎటు కట్టామన్నది ముఖ్యం. నా మొదటి అడ్డకర్రకి తాళ్లన్నీ వెనక్కే కట్టి, బిగింపు చాల్లేదనుకుని తాడు మార్చుకుంటూ నెల రోజులు గడిపాను.

నవారును దగ్గర్లోని పిడికో కన్నాల బిళ్లకో వేయగలిగితే సరే. ఏమీ లేకపోతే పడవ అడుగు కింద నుంచి చుట్టి పైన బకిల్‌తో బిగించొచ్చు. అడుగు మీద మెలికలు లేకుండా చదునుగా ఉండాలి, లేకపోతే నీళ్లు కోసుకుంటూ బుడబుడమని ఒకటే చప్పుడు, వేగం కూడా తగ్గుతుంది. పడవ వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ఈ నవారు వెనక్కి జారి వదులవ్వాలని చూస్తుంది. ముందుకి కట్టిన తాళ్లు దాన్ని కూడా ఆపుతాయి. ఏ తాడూ మీ కాళ్ల మీదుగా పోకూడదు.

నీళ్లు కారే కన్నాలు పడవ అడుగున ఉన్నాయి కదా, వాటిలో పైపు దిగ్గొడితే పోలా అని చాలామంది అడుగుతారు. ఆ కన్నాల గోడలు పడవలో బలహీనమైన చోట్లలో ఒకటి. పొడుగాటి రాడ్ మీటలా పనిచేసి అక్కడే పగలగొడుతుంది. వద్దు.

గాలి ఊదే కయాక్ అయితే ట్రే పద్ధతి కాస్త మారుతుంది: పదునైన అంచు ఏదీ ట్యూబుకి తగలకూడదు, కేబుల్ టైల తోకలు మొదలంటా కోసి లోపలివైపు తిప్పాలి, ట్రే కింద పాత దుప్పటి మడిచి వేయాలి. అడ్డకర్రను దానికి నేను కట్టను. ఎండకి గాలి వ్యాకోచించి ఒకసారి బిగుతు, నీళ్లలో చల్లబడి ఒకసారి వదులు, ఏదీ నిలకడగా ఉండదు.

ఒడ్డునే లాగి చూడండి

రీలు డ్రాగును (చేప ఎంత బలంగా లాగితే రీలు లైను వదలాలో ఆ బిగింపును) లైను తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టుకోవడం మామూలు. 9 కేజీల లైను అయితే రెండున్నర, మూడు కేజీల లోపు. హోల్డరు దానికి రెట్టింపు మోయాలి. రాడ్ పెట్టకుండా, గొట్టంలో గట్టి కర్ర దూర్చి, పై కొనకి చేపల వాళ్ల దగ్గరుండే వేలాడే కాటా తగిలించి వెనక్కి ఆరు కేజీల దాకా లాగండి. తర్వాత పక్కకి. తర్వాత ఒక్కసారిగా కుదుపుతూ లాగండి, మొద్దుకి పట్టుకున్నప్పుడు వచ్చేది ఆ కుదుపే. ఏదైనా చోటు నుంచి కదిలితే ఆ కట్టు విప్పి మళ్లీ కట్టండి. మీద ఇంకో కట్టు వేస్తే పని జరగదు.

ఆ తర్వాత నడుములోతు నీళ్లలో, రాడ్లు లేకుండా, కావాలనే పడవను తిరగేసి చూడండి. ఏం తేలుతోంది, ఏం వేలాడుతోంది, మళ్లీ ఎక్కేటప్పుడు కాలికి ఏం తగులుతోంది అన్నది ఈ ఒక్క పనితో తెలిసిపోతుంది. నేను ఎక్కేటప్పుడు గొట్టం అంచు మోచేతికి గీసుకుంది. ఎమరీ పేపరు ఇంకోసారి తీయాల్సి వచ్చింది.

నీళ్లలో

ప్రతి రాడ్‌కీ ఒక సన్నతాడు, రీలు పైన కట్టి రెండో కొన పడవకి. రెండు మీటర్లు చాలు. రాడ్ పిడికి ఒకటి రెండు వల బెండ్లు కట్టినా మంచిదే. నీళ్లలో పోయిన మొదటి రాడ్ ఖరీదు గుర్తున్నవాడిగా ఇది రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

బకింగ్‌హాం కాలవలో వెళ్తుంటే తల పైకెత్తి చూసుకోవాలి. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1877-78 కరువు పనుల్లో పెరిగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకున్న కాలవ ఇది. వంతెనల కింద, సర్కారు తుమ్మ కొమ్మల కింద వెనక నిలబడ్డ రాడ్లు చటుక్కున తగులుకుంటాయి. వాటికన్నా భయపడాల్సినవి కాలవ దాటే కరెంటు తీగలు. కార్బన్ రాడ్లు కరెంటును మోస్తాయి. తీగలు కనబడగానే రాడ్లు దించి పడవ పొడవునా పడుకోబెట్టండి. ఉరుము వినబడినా అంతే, వెంటనే ఒడ్డు పట్టండి.

మధ్యాహ్నానికి సముద్రం గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారకముందే దిగి పదింటికల్లా బయటపడటం నా అలవాటు. పెన్న మొగ దగ్గర అలలు విరిగే చోటికి ఈ కట్లతో పోవద్దు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం వార్త వస్తే కయాక్ ఇంట్లోనే. సోమశిల, గుండ్లకమ్మ లాంటి రిజర్వాయర్లలోనూ పెద్ద చెరువుల్లోనూ చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సొసైటీలకి ఉంటుంది, దిగేముందు వాళ్లని అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, చేపలు ఎక్కడున్నాయో కూడా వాళ్లే చెబుతారు.

ఇంటికొచ్చాక అన్నీ విప్పి మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి. ట్యూబు పట్టీలను సాగదీసి చూసి, సన్నటి పగుళ్లు కనబడితే మార్చేయండి, సైకిలు షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. విప్పాక కయాక్ మీద మిగిలేది రబ్బరు రుద్దుకున్న నల్లటి మరక ఒక్కటే. సబ్బునీళ్లు, కొబ్బరిపీచు పెట్టి రుద్దితే పోతుంది. మా బావ ఆదివారం సాయంత్రం వస్తాడు కాబట్టి నేను మధ్యాహ్నమే రుద్దేస్తాను.